సుగుణ చేతి స్లైడ్లు

దయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే టీవీ సౌండు పెంచేస్తాను. ల్యాబ్ టెక్నీషియన్ని. మైక్రోస్కోపులో కనబడితే ఉందని రాస్తాం, కనబడకపోతే లేదని రాస్తాం. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు ఎటూ తేలడం లేదు.

గోపాలపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఒకప్పుడు మనుషులం నిండుగా ఉండేవాళ్ళం. ఒకతను గల్ఫ్ వెళ్ళిపోయాడు. ఒకమ్మాయి ఈ చాకిరీ నా వల్ల కాదని రుషికొండ వైపు కంప్యూటర్ ఉద్యోగం చూసుకుంది. వాళ్ళ చోట కొత్తవాళ్ళని వేస్తామని అంటూనే ఉన్నారు. చివరికి పగటి డ్యూటీకి నేనూ, సుగుణా మిగిలాం. వేడి టీ తాగి ఎన్నాళ్ళయిందో కూడా మర్చిపోయాం.

సుగుణది కంచరపాలెం. నాకంటే చిన్నది, నా తర్వాతే చేరింది. పేరు మాత్రం అంతా తనదే. నరం దొరకని ముసలివాళ్ళు నన్ను చూసి చెయ్యి వెనక్కి లాక్కుని, ఆ ఎడమచేతి అమ్మాయిని పిలవమనేవారు. మా పెథాలజిస్ట్ మేడం సుగుణ స్లైడ్ పైకెత్తి, ఇలా ఉండాలి అని నాకు చూపించేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ స్లైడ్ సంగతి కాస్త చెప్పాలి. గాజు పలక మీద ఒక చివర నంబరు రాసి, దాని పక్కన రక్తపు చుక్క పెట్టి, ఇంకో పలక అంచుతో ఒక్క తోపు తోస్తాం. రక్తం పలచగా పరుచుకుని చివర తోకలా సన్నబడుతుంది. మాది కుడిచేతి వాటం కనుక తోక నంబరుకి దూరంగా పోతుంది. సుగుణ అవతలి చివర చుక్క పెట్టి, ఎడమచేత్తో అక్కణ్ణుంచి ఇటు తోస్తుంది కనుక తోక నంబరు వైపు వస్తుంది. చూడగానే తెలిసిపోతుంది.

మొన్న ఎండాకాలంలో నేను సెలవు అడిగాను. పొద్దున్నే ట్యూబులు చూస్తే ఏడుపొచ్చే స్థితికి వచ్చేశాను. మనుషులు లేరు, కుదరదన్నారు. ఆ వారంలోనే సుగుణ రక్తం తీస్తూ తీస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. వెంటనే సెలవిచ్చి ఇంటికి పంపేశారు. నిజం చెప్పాలంటే నాకు జాలి కంటే ముందు కుళ్ళు పుట్టింది. పడిపోవడం కూడా నాకంటే బాగా పడిపోయింది అనుకున్నాను.

మర్నాడు ల్యాబ్‌లో ఒక్కదాన్నే. పొద్దున వార్డుల నుంచి వచ్చిన రక్తం ట్యూబులు ముందు పెట్టుకుని, పలకల మీద నంబర్లు రాసి పెట్టుకున్నానో లేదో, బయట కౌంటర్ దగ్గర జనం గోల. వెళ్ళి అందరికీ రక్తం తీసి, ఇక స్లైడ్లన్నీ ఎప్పుడు అవుతాయిరా దేవుడా అనుకుంటూ లోపలికి వచ్చాను. అన్నీ చేసి ఉన్నాయి. స్టాండులో వరసగా ఆరుతున్నాయి. నంబర్లు నా రాతే. తోకలన్నీ నంబర్ల వైపు ఉన్నాయి. ల్యాబ్‌కి ఉన్నది ఒకటే తలుపు, అది కౌంటర్ పక్కనే. నన్ను దాటుకుని ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

అలసటలో నేనే చేసి మర్చిపోయానేమో అనుకున్నాను. మధ్యాహ్నం మేడం స్లైడ్లు చూస్తూ, సుగుణ అప్పుడే వచ్చేసిందా అని అడిగారు. భయం వేయాల్సిన చోట నాకు రోషం వచ్చింది. ఇక్కడ చచ్చేలా చాకిరీ చేసేది నేను, ఇంట్లో పడుకున్న మనిషికి పేరు. ఆ వారంలో మళ్ళీ మళ్ళీ అలాగే జరిగింది. ఒకరోజు పట్టుబట్టి ఎడమచేత్తో నేనే చేసి చూశాను. ఒక్కటీ కుదరలేదు, రక్తమంతా ముద్దలు ముద్దలుగా వచ్చింది.

ఆదివారం కంచరపాలెం వెళ్ళాను. రోజూ పగలంతా పడుకునే ఉంటోందని, గుమ్మం కూడా దాటలేదని వాళ్ళమ్మ చెప్పింది. స్లైడ్ల మాట నేను ఎత్తలేదు. హాయిగా రెస్ట్ తీసుకుంటున్నావు కదా అన్నాను. అందులో ఉన్న దెప్పు తనకి తెలిసిందో లేదో.

"ఏటి రెస్టక్కా. కళ్ళు మూత్తే సాలు, నాను ల్యాబ్‌లోనే ఉంటన్నాను. నువ్వు కౌంటర్ కాడ ఒక్కదానివీ అవస్త పడతన్నావు, నాను లోపల స్లైడ్లు సేత్తన్నాను. లెగిసీసరికి భుజం పీకీస్తాది."

మనిషి సగమైపోయి ఉంది. నేను టీ తాగి వచ్చేశాను.

సుగుణ తిరిగి డ్యూటీలో చేరాక అలాంటి స్లైడ్లు రావడం ఆగిపోయింది. ఎట్టకేలకు నాకూ సెలవు దొరికింది. మొదటి రోజు అన్నం తిని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. కలా లేదు, ల్యాబూ లేదు. సాయంత్రం లేచి సుగుణకి ఫోన్ చేసి, నా చేతి స్లైడ్లు ఏమైనా కనబడ్డాయా అని అడిగాను.

"లేదక్కా, అన్నీ నానే సేసుకున్నాను," అంది.

ఆ వారం రోజులూ ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, అవుతుందన్న ఆశ కూడా లేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం సుగుణ మీద మళ్ళీ కుళ్ళుకున్నాను. తను నా కోసం రాగలిగింది. నాకు అదీ చేతకాలేదు.