సంచిలో కాగితం

ఈజిప్టులోని తాంతాలో, మా వీధిలో నగ్లా ఎదురైతే ముందు కనిపించేది ఆమె చేతిలోని నల్ల సంచి. అందులో తొమ్మిదేళ్ల ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు. కీళ్లు ఎందుకు వాస్తున్నాయో, జ్వరం ఎందుకు వచ్చి పోతోందో తెలియదు. ప్రతి కాగితం కిందా ‘ఏమీ లేదు’ అనే మాటే. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి తాగుతుంది. తలగుడ్డకు పిన్ను పెట్టమని దారిన పోయే ఆడవాళ్లను అడిగి, నవ్వుతూ తల వంచుతుంది.

శుక్రవారం వస్తే ఆమె అత్త హమీదా కాగితాన్ని మనిషి బొమ్మలా కత్తిరిస్తుంది. కోడలికి ఎవరి దిష్టి తగిలిందో తెలియదు కనుక, ‘ఇది ఫలానావాళ్ల కన్ను’ అని ఒక్కొక్కరి పేరే చెబుతూ బొమ్మను సూదితో పొడిచి, సాంబ్రాణి నిప్పుల్లో కాలుస్తుంది. పాలవాడు, ఆడపడుచు, చివరికి నేను కూడా అయిపోయాం. మొన్న గురువారం కొత్త డాక్టరు కూడా ఏమీ లేదన్నాడు. మర్నాడు ముసలామె సూది పట్టుకుని బొమ్మను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

“పేర్లు అయిపోయాయా అత్తమ్మా? ఆ డాక్టర్ని పొడువు!” అంది నగ్లా.

హమీదా నవ్వలేదు. “పెళ్లినాడు నిన్ను చూసి, నా కోడలు ఎంత బాగుందో అనుకున్నానే తల్లీ. దిష్టి తగలకుండా మాషా అల్లా అనడం మర్చిపోయా. ఇది హమీదా కన్ను,” అంటూ సూది దించబోయింది.

నగ్లా వాచిన వేళ్లతోనే ఆ చేయి పట్టుకుంది. “వద్దు. నీ పేరున పొడిస్తే నాకు నొప్పి.”

ఆ బొమ్మను కాల్చలేదు. నగ్లా దాన్ని మడిచి ఎక్స్‌రేల మధ్య దాచుకుంది. ఆ సంచిలో ‘ఏమీ లేదు’ అని రాసి లేని కాగితం అదొక్కటే.