సెలవు అడగని ఆదివారం

నా చిన్నప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఒక పెద్దింట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. ఊళ్ళో నానమ్మ పోయాక నాన్న మా తాతయ్యను మా దగ్గరికే తెచ్చుకున్నాడు. తాతయ్య బతుకంతా దొర పొలంలో వెట్టి చేసిన మనిషి. కూలి లేని చాకిరి అది. పక్క ఊళ్ళో చెల్లెలి పెళ్ళికి వెళ్ళాలన్నా దొర సెలవివ్వాలి.

పట్నం వచ్చినా ఆ భయం ఆయన్ను వదల్లేదు. కిరాయికి ఉంటున్నాం గనక ఇంటి ఓనరుకు చాకిరి చెయ్యాలన్నది ఆయన లెక్క. తెల్లారేసరికి వాకిలి ఊడ్చి, వాళ్ళ తొట్టి నింపి, వాళ్ళ కూరగాయలు మోసుకొచ్చేవాడు. ఓనరు చెడ్డవాడేం కాదు. మొదట్లో వద్దన్నాడు, తర్వాత హాయిగా అలవాటు పడ్డాడు. నాన్న ఎంత మొత్తుకున్నా తాతయ్య వినలేదు. గేటు దాటాలంటే చెప్పులు విడిచి, "దొరా, జర బయటికి పోయొస్త, సెలవియ్యున్రి" అని ఓనరు ముందు నిలబడేవాడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

పక్కగదుల్లో గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. వాళ్ళింటి అక్క కోఠిలో కాలేజీకి వెళ్ళి చరిత్ర చదివేది. పరీక్షల ముందు గుమ్మంలో కూర్చుని గట్టిగా చదివేది, అంతా ఇంగ్లీషులోనే. ఒక సాయంత్రం మాత్రం, తాతయ్య వాకిలి ఊడుస్తుంటే, అదే పాఠం తెలుగులో మొదలుపెట్టింది.

వెనకటికి రష్యాలో రైతును భూమికి కట్టేశారట. దొర సెలవు లేకుండా పారిపోతే వెతికి పట్టుకొచ్చేవారట. ఆ రోజుల్లోనే హాలెండ్ అని వేలెడంత దేశం, చాలావరకు నీళ్ళలో మునిగే నేల. అక్కడ రైతు పాలూ వెన్నా పట్నంలో అమ్ముకుని, తిండిగింజలు బయటి దేశాల నుంచి వచ్చినవి కొనుక్కునేవాడట. నీళ్ళు రాకుండా గట్లు అందరూ కలిసి కాపాడుకునేవారట. చేతిలో కాస్త మిగిలినవాడు ఓడలో వాటా కొనేవాడట. రష్యా రాజొకడు అక్కడికే వెళ్ళి ఓడలు కట్టడం నేర్చుకున్నాడు. ఓడలైతే కట్టించాడు గానీ, తన రైతుల కట్లు విప్పలేదు, ఇంకా బిగించాడు.

తాతయ్య చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "మరి గా హాలెండోళ్ళు యాడికన్న పోవాల్నంటె ఎవల్నడుగుతుండె బిడ్డా?"

"ఎవర్నీ అడిగేవాళ్ళు కాదు తాతగారూ. పొలానికి కౌలు కట్టేవాళ్ళు, మనం ఇంటికి అద్దె కట్టినట్టు. కట్టేశాక ఇంక సెలవు దేనికి?"

ఆయన చీపురు మూలన పెట్టి లోపలికి వెళ్ళాడు. అప్పుడు నేను అక్కను అడిగాను, ఆ రష్యావాళ్ళకు బుద్ధి లేదా అని. "బుద్ధి లేక కాదమ్మా, పోనిస్తే కదా!" అంది.

ఆదివారం తాతయ్య ఉతికిన రుమాలు తలకు చుట్టుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. ఓనరు అరుగు మీద పేపరు చదువుతున్నాడు. అలవాటు కొద్దీ తాతయ్య కాళ్ళు ఆగాయి, చెప్పులు మాత్రం విడవలేదు. నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని, "మొజంజాహీ మార్కెట్‌కు పోతున్న" అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

"మంచిది," అన్నాడు ఓనరు, పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా.

సందు మలుపు దాకా తాతయ్య వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. మార్కెట్లో ఐస్‌క్రీం తింటూ ఉన్నట్టుండి ఏడ్చాడు. "గింతేనా బిడ్డా, గింతేనా!" అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. మర్నాటి నుంచి మా గుమ్మం ముందు వరకే ఊడ్చాడు.

తర్వాత నేనూ చరిత్రే చదివి, అదే పాఠం చాలా ఏళ్ళు చెప్పాను. రష్యా రైతులు వెనకబడ్డారని పిల్లలు రాసేవాళ్ళు. ఆ మాట కింద గీత గీసి, పక్కన ఒక ప్రశ్న రాసేదాన్ని. రిటైరయ్యాను గానీ, ఎవరి గురించైనా సరే ఆ మాట వింటే ఇప్పటికీ నోరు ఊరుకోదు. వాళ్ళను ఆపిందెవరు అని అడిగేస్తాను.