చుట్టిల్లు చూసి వచ్చాం

ఉదయం ఆరుంబావు బస్సుకి బయలుదేరాం. నేను, మా తోటికోడలు శారదక్క, మూడేళ్ల మా చిన్ని. సంచిలో ఫ్లాస్కు, పులిహోర డబ్బా, చిన్ని మందుసీసా, నేను గీసిన ఇంటి నమూనా ఉన్నాయి.

ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. మేముండేది విశాఖలో పాతనగరం, రేవుకి దగ్గర. గాలి అటునుంచి తిరిగిన రోజున రేవులోని ఇనపఖనిజం దుమ్ముకి దండెం మీద బట్టలు ఎర్రబడతాయి. చిన్నికి ఏడాదిగా పిల్లికూతలు. దాని డొక్కలు ఎగిరిపడుతుంటే ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ గడుపుతాను. డాక్టరుగారు మందులు మార్చి మార్చి చివరికి, "గాలి మార్చండమ్మా, అంతకంటే మందు లేదు" అన్నారు.

ఆనందపురం దారిలో మావారూ, బావగారూ కలిసి కొన్న స్థలం ఉంది. నాలుగు జీడిమామిడి చెట్లు, ఒక నుయ్యి. రెండు కుటుంబాలూ కలిసి అక్కడ ఇల్లు కట్టుకోవాలని నా ఆశ. ఒక్కళ్లం కట్టుకునే తాహతు మాకు లేదు. ఉక్కు ప్రాజెక్టులో పనిచేసే బావగారు చెయ్యి వేస్తేనే ఇల్లు లేస్తుంది. ఆయన శారదక్క మాట దాటరు.

ఎలాంటి ఇల్లు కట్టాలో మా వీధికి చేపలు తెచ్చే జాలరిపేట మనిషి చెప్పింది. "మా కన్నోరూర్లో అన్నీ సుట్టిళ్లేనమ్మా. మట్టిగోడ, తాటికమ్మ. ఎండకి సల్లగుంటాది. గుండ్రంగుంటాది గదా, గాలివాన ఏపక్క నుండి కొట్టినా జారిపోతాది. మా సిన్నాన్న అప్పన్న కడతాడు, నా పేరు సెప్పు."

నాలుగు రాత్రులు కూర్చుని గ్రాఫు కాగితం మీద గీశాను. మూడు గుండ్రటి ఇళ్లు, మధ్యలో ఉమ్మడి వాకిలి. ఒకటి మాకు, ఒకటి అక్కావాళ్లకి. మూడోది వంటిల్లు, పొగ చిన్నికి తగలకుండా బాగా ఎడంగా. స్నానాల నీళ్లు అరటిపాదులకి, చూరునీళ్లు నూతికి.

బస్సులో పక్కన తట్ట పెట్టుకున్న ఒక పెద్దాయన, "ఎక్కడికమ్మా?" అని అడిగాడు. ఇల్లు చూడటానికి అన్నాను. ఆయన చిన్ని వంక చూసి నవ్వాడు.

"గుంటకప్పుడే సమ్మందమా!"

చుట్టిల్లని చెప్పేసరికి ఆయన ఇంకా నవ్వాడు. "సుట్టిల్లు సూడ్డానికి బస్సెక్కినారా? మాది కూలగొట్టడానికి మనుసులు దొరక్క సత్తన్నాం. మాకాడికి రండి, సూసీసి పడగొట్టీసి ఎల్లిపోదురు."

శారదక్క కూడా నవ్వింది. ఆనందపురం దాటుతుండగా, "అక్కా, అదుగో మన చెట్లు" అన్నాను. అక్క ఒకసారి అటు చూసి, చిన్ని రిబ్బను విప్పి మళ్లీ కట్టింది.

ఎనిమిదింటికి తగరపువలసలో దిగి ఇడ్లీ తిన్నాం. సముద్రం వైపు వెళ్లే ఇంకో బస్సెక్కి, తాటితోపు దగ్గర దిగి, ముప్పావుగంట నడిచాం. ఎవరైనా వెళ్లదలిస్తే ఎండ ముదరకముందే నడవడం మంచిది. దారిలో నీళ్లు దొరకవు.

పది దాటాక ఊరు చేరాం. చేపలామె చెప్పిన అప్పన్న తాత ఇంటి చూరు నేలకి మూరెడెత్తున ఉంది. బాగా వంగితేగాని లోపలికి వెళ్లలేం. లోపలికి అడుగుపెడితే అప్పటిదాకా నెత్తిమీదున్న ఎండ ఏమైపోయిందో తెలియలేదు. గోడ మీద చెయ్యి వేస్తే కుండ మీద వేసినట్టుంది. నడిచి అలిసిన చిన్ని చాప మీద పడుకోగానే నిద్రపోయింది. ఊపిరి హాయిగా ఆడుతోంది. అక్క వైపు చూశాను. అక్క కూడా అదే చూస్తోంది.

అప్పన్న తాతకి బయట అరుగు మీద కాగితం పరిచి చూపించాను. ఆయన దాన్ని నాలుగువైపులా తిప్పాడు. "బావుంది. పొయ్యేదమ్మా?"

మూడో గుండ్రం చూపించాను.

"మరి మీరు తొంగునే ఇళ్లల్లోన?"

"అక్కడ పొయ్యి ఉండదు తాతా. పాపకి పొగ పడదు."

ఆయన భార్యని కేకేశాడు. "నరసమ్మా, ఇన్నావేటే? పొయ్యి నేని సుట్టిల్లంట!"

ఆమె నవ్వలేదు. నా పక్కన కూర్చుంది. "పొగ నేకపోతే కమ్మ నిలవదమ్మా. పురుగు తినీసి పొడైపోద్ది. ఆ పొడంతా గుంట మీదే రాల్తాది. పొద్దూ మాపూ లోపల పొగెట్టాల్సిందే."

గుమ్మంలోంచి తొంగి చూశాను. కప్పు లోపలివైపు నల్లగా నిగనిగలాడుతోంది. అందాకా అది పాతబడిన అందం అనుకున్నాను. అంతా మసి.

"పొగెట్టినా రెండు మూడేళ్లకోపాలి కప్పాలమ్మా" అన్నాడు అప్పన్న తాత. "నా ఇంటికి ఊరంతా వొచ్చీవోరు, ఊరోళ్లిళ్లకి నానెల్లీవోణ్ని. ఇప్పుడు కుర్రోళ్లంతా ఉక్కు ఫేక్టరీ పనికెల్లిపోనారు. నీకెవులు కప్పుతారు? సిమెంటు పర్మిట్టు దొరికితే నానే సిలాబు ఏసుకుందును."

పురుగుకి మందు కొడితే? కమ్మకి బదులు పెంకు వేస్తే? ఒకదాని మీద ఒకటి అడుగుతూ కూర్చున్నాను. ఈలోగా నరసమ్మ మాకు అన్నం వండాలని లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. నేను గమనించలేదు. కన్నతల్లిని, పిల్ల ఆ ఇంట్లోనే నిద్రపోతోందన్న సంగతి మరిచిపోయి పెంకు గురించి మాట్లాడుతున్నాను.

దగ్గు వినపడి పరుగెత్తాను. చిన్ని లేచి కూర్చుని నోరు తెరుచుకుని గాలికోసం వెతుక్కుంటోంది. ఎత్తుకుని తాటిచెట్ల కిందికి తీసుకుపోయాం. మందు పట్టాను. కాసేపటిదాకా దాని పెదవులు నీలంగానే ఉన్నాయి. నరసమ్మ ఉడుకుతున్న అన్నంతో సహా పొయ్యి మీద బిందెడు నీళ్లు కుమ్మరించి వచ్చి, "ఓలమ్మ, గుంటని నాను సంపీసీదాన్ని" అని నుదురు కొట్టుకుంది. ఆమె తప్పు కాదని ఎన్నిసార్లు చెప్పానో. చిన్ని ఊపిరి కుదుటపడేసరికి రెండయింది. పులిహోర డబ్బా ఎవరమూ తెరవలేదు.

మూడున్నరకి తిరుగు బస్సు. కూర్చున్న కాసేపటికి శారదక్క మెల్లగా అంది. "నీకు చెప్పకుండా ఉండాల్సింది కాదు. ఉక్కునగరంలో మాకు క్వార్టరు వచ్చింది. కాగితం వచ్చి పన్నెండు రోజులైంది."

"మరి ఇవాళ నాతో ఎందుకొచ్చావక్కా?"

"ఇల్లు బాగుంటే మీ బావగారితో పోట్లాడదామని."

"బాగాలేదా?"

"బాగుందే. చాలా బాగుంది." తన ఒళ్లో నిద్రపోతున్న చిన్ని వీపు నిమిరింది. ఆనందపురం వచ్చినప్పుడు ఇద్దరం మా చెట్లున్న వైపు కాకుండా అవతలి కిటికీలోంచి చూశాం.

చుట్టిళ్లు చూడాలనుకునేవారు తొందరగా వెళ్లండి. ఇంకొన్నేళ్లకి ఉంటాయో ఉండవో. ఎండపూట అంత చల్లటి చోటు నేనింకెక్కడా చూడలేదు. కానీ ఆ ఇల్లు నిలబడాలంటే లోపల రోజూ పొగ ఉండాలి, బయట కప్పడానికి ఒక ఊరుండాలి. మా పిల్లకి పొగ పడదు. మాకు ఊరు లేదు. బావగారు తప్పుకున్నాక సిమెంటు ఇల్లు కట్టే శక్తీ లేదు. గాలి మార్చమని డాక్టరుగారు తేలిగ్గానే అన్నారు.

ఆరున్నరకి బస్టాండులో అక్క తన బస్సెక్కింది. "అప్పుడప్పుడూ దాన్ని మా దగ్గరికి పంపించు" అంది కిటికీలోంచి. తలూపాను.

ఇల్లు చేరేసరికి ఏడుంబావు. మావారు ఎదురొచ్చి చిన్నిని అందుకున్నారు.

"ఎలా ఉంది ఇల్లు?"

"చల్లగా ఉంది" అన్నాను.

"అయితే శంకుస్థాపనకి మంచిరోజు చూడమందామా?" అన్నారాయన. గాలి రేవు వైపు నుంచి వీస్తోందని, ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని, రెండో చేత్తో కిటికీ తలుపులు ఒక్కొక్కటే మూస్తున్నారు.