వెనక్కి పెట్టుకున్న చేతులు

ఎనభైల్లో ఓ ఎండాకాలం. గుంటూరులో వినుకొండ బస్సు తప్పిపోయింది. మళ్ళీ సాయంత్రానికి గాని బస్సు లేదు. బస్టాండులో కూర్చోబుద్ధి కాక వీధుల్లో పడ్డాను. నీడున్న సందులన్నీ తిరిగి, మిరపకాయల గోడౌన్లు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని దాటి, చివరికి ఓ చిన్న పార్కు చేరాను. నేను కూర్చున్న బెంచీ పక్కన గడ్డిలో ఒకామె, అరచేతులు గాలికి ఆరబెట్టినట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆడుకుంటున్న పసివాడొకడు ఆమె ముందే బోర్లాపడ్డాడు. ఆమె చటుక్కున లేచింది గాని వాణ్ణి ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, "అమ్మా, పిల్లాడు పడ్డాడు!" అని కేకేసింది.

తల్లి పరుగెత్తుకొచ్చింది. "కళ్ళముందు పడితే లేపడానికి చేతులు రాలేదా? నువ్వూ ఆడదానివేనా?" అని తిట్టి, వాణ్ణి చంకనేసుకుని పోయింది.

ఉండబట్టలేక నేనే అడిగాను, ఎందుకు లేపలేదని.

"మిరపకాయల తొడిమలు తీసొచ్చానండి. ఎంత కడిగినా చేతుల మంట పోదు. వాడేమో కళ్ళు నులుముకుంటున్నాడు."

"ఆ ముక్క ఆవిడకి చెప్పొచ్చుగా?"

"చెబితే, పార్కులోకెందుకొచ్చావంటారు." మళ్ళీ గడ్డిలో కూర్చుంటూ అంది: "ఇంటికాడ నా పిల్లనీ ఎత్తుకోనండి. ఈ పని రోజులయ్యాక ఎత్తుకుంటే, కొత్త మనిషిని చూసినట్టు ఏడుస్తుంది."

ఆ తర్వాత గుంటూరు వీధుల్లో చాలాసార్లు నడిచాను. ఆమె మళ్ళీ కనపడలేదు. అన్నం ముందు కూర్చుని, "ఈ ఏడు కారంలో ఘాటే లేదు" అని ఎవరన్నా పెదవి విరిస్తే, నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.