అంతా మీ ఇష్టం

'అంతా మీ ఇష్టమండీ' అని ఎవరైనా అన్నారంటే చాలు, దుకాణాల బోర్డులు గీసే డిజైనరు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెడుతుంది. అలా అన్నవాళ్లే మర్నాడు ఫోన్ చేసి, "మా బావమరిదికి రంగు నచ్చలేదట, పేరు కూడా కాస్త పెద్దది చేయండి" అంటారు. పళ్లు కొరుక్కుంటూ, చచ్చినట్టు చేసిపెడుతుంది. ఈసారి బేకరీ ఆవిడ మాత్రం, "నాకివన్నీ తెలియవమ్మా, నువ్వు పంపిందే చేయిస్తా" అంది. బొమ్మ పంపాక ఫోనూ రాలేదు, ఏ బావమరిదీ ఊడిపడలేదు. డిజైనరుకి అన్నం సయించలేదు. చివరికి తనే ఫోన్ చేసింది.

"ఏమన్నా మార్చాలా ఆంటీ? మొహమాటపడకుండా చెప్పండి."

"మార్చడానికేముందమ్మా, బోర్డు ఎక్కించేశాం."

సాయంత్రం బేకరీ ఎదురుగా నిలబడి, కళ్లజోడు తుడిచి పెట్టుకుని చూసింది. ఒక్క గీత కూడా మారలేదు. తిట్టుకుందామంటే మధ్యలో ఎవరూ లేరు.

"పేరు కాస్త పెద్దది చేయాల్సింది" అని గొణుక్కుంది.