వెనక స్పీకర్లో అడుగుల చప్పుడు

తెలంగాణ వచ్చిన మరుసటి సంవత్సరం చిట్యాలలో మా ఇంటికి పెద్ద టీవీ, బ్లూరే ప్లేయరు, ఐదు స్పీకర్ల సెట్టు వచ్చాయి. ఖర్చులో సగం నాది, సగం మా యారాలిది. యారాలంటే మా మరిది భార్య, నాకంటే నాలుగేళ్లు చిన్నది, పక్కింట్లోనే ఉంటుంది; మా ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గరే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆమె సర్కారు దవాఖానలో నర్సుగా చేసింది. ఇద్దరికీ విదేశీ నేరకథల సినిమాలంటే ప్రాణం. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. కొత్త డిస్కును మొదటిసారి ఇద్దరం కలిసే చూడాలి. హంతకుడెవరో ముందే తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని చూసే సినిమా నాకు సినిమా కాదు.

డిస్కు బాగుందో లేదో తేల్చే పని నాది. హైవే మీది లారీల మోత లోపలికి రాకుండా కిటికీకి బొంత అడ్డం కుక్కేవాళ్లం. చీకటి దృశ్యం వస్తే నలుపు నలుపుగానే ఉందా, బూడిదరంగుకు తిరిగిందా, గళ్లుగళ్లుగా పగిలిందా అని చూసేదాన్ని. నల్లకోటు మనిషి చీకట్లో నిలబడ్డా కోటు మడతలు కనిపించాలి. వాన ఎంత కురిసినా మాటలు అందులో మునిగిపోకూడదు. అనుమానం వస్తే ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసేదాన్ని. ఆమె ఓపిగ్గా కూర్చునేది. హత్య జరిగే చోట మాత్రం నా ముంజేయి గట్టిగా పట్టుకునేది. దవాఖానలో అంత నెత్తురు చూసిన మనిషి సినిమా నెత్తురుకు జడుసుకుంటుంటే నాకు ముచ్చటగా ఉండేది.

మూడో ఏడు నవంబరులో, పింఛను కోసం బతికున్నట్టు పత్రం ఇవ్వడానికి నల్గొండ వెళ్లాను. పని ఆ రోజు కాలేదు. చుట్టాలింట్లో ఉండి మర్నాడు వచ్చాను. అప్పటికే కొరియర్లో కొత్త డిస్కు వచ్చి ఉంది. డబ్బా మీది ప్లాస్టిక్ పొర చించి ఉంది.

"దుమ్ముంటది గదా అక్కా, తుడిచి పెట్టిన," అంది మా యారాలు. మంచి పని చేశావన్నాను.

సాయంత్రం బొంత కుక్కి కూర్చున్నాం. బొమ్మ ఎంత తేటగా ఉందంటే, పోలీసు అధికారి గొడుగు అంచున ఆగిన చుక్కలు కూడా విడివిడిగా కనిపించాయి. కాసేపటికి ఒక అమ్మాయి భూగర్భంలోని కార్ల షెడ్డులో ఒంటరిగా నడుస్తోంది. అంతా నిశ్శబ్దం. ఉన్నట్టుండి మా యారాలు తల వెనక్కి తిప్పింది. ఆ తర్వాత వినిపించింది, మా వెనక ఎడమ స్పీకర్లో, అడుగుల చప్పుడు.

సినిమా ఆపాను.

"నువ్వు ముందే చూసినవ్."

"ఏమంటున్నవక్కా?"

"చప్పుడు రాకముందే తల తిప్పినవ్."

"మెడ పట్టేసింది, తిప్పిన. గది గూడ తప్పేనా?"

నేను వెనక్కి తిప్పి అదే దృశ్యం మళ్లీ పెట్టాను. ఈసారి అడుగులు వచ్చాయి, దగ్గరికొచ్చాయి, గది దద్దరిల్లింది. ఆమె మాత్రం టీవీకేసి చూస్తూ బిగుసుకుని కూర్చుంది.

"మెడ బాగైనట్టుంది," అన్నాను.

ఆమె పకాలున నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపేసింది.

"చూసిన. నిన్న చూసిన. మంచిగ చూసిన. నీతోని చూస్తే సినిమా యాడుంటదక్కా? గా పిల్లను పొడుస్తాండు, నా పానం కొట్టుకుంటాంది, నువ్వేమో ఆపి కోటు మడతలు జూడుమంటవ్. సచ్చిన పిల్లను నాలుగుసార్లు సంపిస్తవ్."

"ఇదొక్కటేనా?"

ఆమె బొంత అంచు సవరించింది.

"ఎన్ని?"

"లెక్కలు నీయి గదా. నన్నడుగుతవేంది?"

నాకు లెక్క తట్టలేదు. నా ముంజేయి గుర్తొచ్చింది.

"మరి చెయ్యెందుకు పట్టుకున్నవ్? హత్య వచ్చినప్పుడల్లా?"

"పట్టుకోకపోతే నీకు తెలుస్తుండె గదా," అంది, ఇంత సులువైన సంగతి కూడా అడగాలా అన్నట్టు.

ఆమె వెళ్లాక మిగతా సినిమా ఒక్కదాన్నే చూశాను. నేను చూసిన డిస్కులన్నిట్లో అదే మేలైనది. ఆ మాట చెబుదామని పక్కకు తిరిగాను కూడా.

వారం తర్వాత ఇంకో డిస్కు పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే పైకెత్తి, "చూస్కో, పొర అట్లనే ఉంది," అంది. తీసుకుని, గోటితో నాలుగంచులూ గీకి చూశాను. ఉంది. అయినా ఇంకోసారి చూశాను. ఆమె కిటికీకి బొంత కుక్కింది.

సినిమా మొదలైంది. చీకటి మెట్ల మీద ఎవరో కత్తి తీశారు. నలుపు గళ్లుగళ్లుగా పగులుతోంది. నేను ఆపలేదు. ఆమె చెయ్యి వచ్చి నా ముంజేయి పట్టుకుంది. ఆ భయం నిజమో కాదో నేను తేల్చలేకపోయాను. ఆమె వేళ్లను మెల్లగా విడదీసి, ఆ చేతిలో రిమోటు పెట్టి, నా చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాను.