లేహ్ వేసవికి చిక్కడపల్లి సలహా

కరోనా రెండో ఏడు, మార్చి మొదటి వారంలో, లేహ్ వాతావరణ కేంద్రం అదనపు బాధ్యతలు నాకు అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చింది. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. అక్కడి అధికారి ఆరోగ్యం బాగాలేక దీర్ఘకాలపు సెలవు పెట్టారు. కొత్తవారు చేరేదాకా లద్దాఖ్ ప్రాంతపు ముందస్తు వేసవి అంచనా నేను తయారు చేయాలి. ఆఫీసుకు కొద్దిమందే రావాలన్న రోజులవి. అందుకని ఆ పనంతా హైదరాబాద్ చిక్కడపల్లిలో మా ఇంటి రెండో అంతస్తులో, కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని చేశాను. కింద సందులో టమాటాల బండివాడు అరుస్తుంటే పైన నేను హిమాలయాల అవతలి ఆకాశం సంగతి రాస్తుండేవాడిని.

అబ్జర్వర్‌గా, అంటే పొద్దునా సాయంత్రం థర్మామీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగిగా చేరి, శాఖాపరమైన పరీక్షలు రాసి, ఫోర్‌కాస్టర్ కుర్చీ దాకా వచ్చినవాడిని. నా అంచనాల మీద నాకు నమ్మకం ఎక్కువ. ఇప్పటికీ ఎక్కువే. మా ఆవిడ అనసూయ దాన్ని పొగరంటుంది. ఆమెకు ఆ హక్కుంది.

ముందస్తు వేసవి అంచనాకూ, టీవీలో రోజూ చెప్పే వాతావరణ సూచనకూ తేడా ఉంది. రేపు వాన పడుతుందా అన్నది సూచన. రాబోయే రెండు మూడు నెలలు మొత్తం మీద మామూలు కంటే వేడిగా ఉంటాయా, చల్లగా ఉంటాయా, మబ్బు ఎక్కువా తక్కువా అన్నది అంచనా. కంప్యూటర్ మోడళ్లు నాలుగైదు రకాల జవాబులిస్తాయి. వాటిలో దేన్ని ఎంత నమ్మాలో తేల్చడమే ఫోర్‌కాస్టర్ పని. లద్దాఖ్ అయితే చలి ఎడారి. మన నగరంలో ఒక గట్టి ముసురుకు పడేంత వాన కూడా అక్కడ ఏడాది మొత్తానికి పడదు. పడమటి నుంచి, మధ్యధరా వైపు నుంచి దొంతర్లుగా వచ్చే మేఘాలే అక్కడి మంచుకూ మబ్బుకూ మూలం. ఆ ఏడు ఆ దొంతర్లు మే నెల చివరిదాకా ఒకదాని వెంట ఒకటి వస్తాయని నాకు లెక్క తేలింది.

ఈ లెక్కలో నాకు కళ్లూ చెవులూ నోర్బు. లేహ్ కేంద్రంలో అబ్జర్వర్. నలభై దాటినవాడు, మాటకు పొదుపు. రోజూ పొద్దున ఎనిమిదిన్నర రీడింగులు తీసి నాకు ఫోన్ చేసేవాడు. మేం హిందీలో మాట్లాడుకునేవాళ్లం. ఉష్ణోగ్రత, గాలి, ఆ తర్వాత ఒక అంకె. ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకుని ఎన్ని భాగాల్లో మబ్బుందో చెప్పే అంకె అది. సున్నా అంటే నిర్మలం, ఎనిమిది అంటే మూసుకుపోయినట్టు. "ఆరు, సార్" అని చెప్పి పెట్టేసేవాడు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు, నేనూ అడిగేవాడిని కాదు. మా శాఖలో అబ్జర్వర్ రీడింగ్ పంపుతాడు, అభిప్రాయం పంపడు. దానికి ఫారంలో గడే లేదు.

ఏప్రిల్ మొదట్లో అంచనా పూర్తయింది. వేసవి తొలి రెండు నెలలు మామూలు కంటే చల్లగా ఉంటాయి, మబ్బు ఎక్కువగా ఉంటుంది. ఇంతవరకూ నిక్కచ్చి. ఆఖర్న రైతులకు సలహా అని నాలుగు పంక్తుల ఖాళీ ఉంటుంది. తెలంగాణ అంచనాల్లో ఆ ఖాళీని ఏళ్ల తరబడి నింపినవాడిని నేనే. చేయి ఆగకుండా రాసేశాను: "ఈ ఏడు వేసవి ఆరంభంలో ఎండ తీవ్రత ఉండదు. ఆకాశం మేఘావృతంగా ఉంటుంది. విత్తనాలకు, పొలం పనులకు పరిస్థితులు చాలా అనుకూలం." ఢిల్లీలోని మా పై అధికారి చదివి, సలహా స్పష్టంగా ఉందని మెచ్చుకుని ఆమోదించారు. దాన్ని లద్దాఖీలోకి మార్చి అక్కడి రేడియోలో చదివారు, ఊళ్లలో అతికించారు.

నాలుగు రోజులకు హైదరాబాద్‌లోనే మబ్బు పట్టింది. నారాయణగూడలో మందులు కొనుక్కుని నడిచి వస్తుంటే ఏప్రిల్ అనిపించలేదు. ఎదురుపడ్డ ప్రతివాడూ హాయిగా ఉందన్నాడు. నేనూ అదే మాట అనుకుంటూ మేడెక్కాను. అక్కడ అనసూయ పాత చీర మీద పెట్టిన సగ్గుబియ్యం వడియాల ముందు కూర్చుని ఉంది. రెండు రోజులుగా అవి ఎండలేదు, ఒక మూల బూజు కూడా మొదలైంది. వాతావరణం భలే ఉంది కదా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"మంచిగుందంటరేంది? ఎవలకు మంచిగుంది?" అంది. "మీకు మంచిగుంటే లోకమంతా మంచిగున్నట్టేనా? ఒక్కనాడన్న నన్నడిగిండ్రా, నీకు ఎండ గావాల్నా మబ్బు గావాల్నా అని?"

ముప్పై ఏళ్లుగా ఏటా వేసవిలో ఆమె మేడ మీద ఏదో ఒకటి ఎండబెడుతూనే ఉంది. నేను ఏటా ఎండ ప్రజలకు చేటని రాస్తూనే ఉన్నాను. ఈ రెండింటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు. వడియాల చీర లోపలికి మోయడానికి ఒక కొస పట్టుకున్నాను కానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. లేహ్‌లో ఎవరికి ఏం కావాలో నేను ఎవరినడిగాను?

మర్నాడు నోర్బు "ఏడు, సార్" అని పెట్టేయబోతుంటే ఆపాను. మీ ఊళ్లో విత్తనాలప్పుడు ఏం కావాలి, ఎండా మబ్బా అని అడిగాను.  ఒకే మాట అన్నాడు: "ఎండ."

ఆపైన నేను గుచ్చి గుచ్చి అడిగితే విషయమంతా బయటపడింది. అక్కడ పొలానికి వాన లెక్కలోకే రాదు. కొండ మీది మంచు కరిగి కాలువలో పారితేనే నీళ్లు. ఎండ కాస్తే మంచు కరుగుతుంది, మబ్బుంటే కాలువ ఎండిపోతుంది. మా అంచనా ఎంత సరిగ్గా ఉంటే వాళ్లకు అంత కష్టం. నేను దాని కింద చాలా అనుకూలం అని రాసి పంపాను.

ప్రతి ఊళ్లో కాలువ నీళ్లు వంతులవారీగా పంచడానికి ఒక పెద్దమనిషి ఉంటాడట. మన తెలంగాణ ఊళ్లలో చెరువు నీళ్లు పారించే నీరటి లాంటివాడు. నోర్బు ఊళ్లో ఆ ఏడు ఆ పని చేసేది వాళ్ల అన్న. రేడియోలో సలహా విని, ఈసారి నీళ్లకు కొదవ లేదు కాబోలు అనుకుని, ఏళ్లుగా బీడు పెట్టిన పై పొలాల్లో కూడా బార్లీ వేద్దామని ఊరంతా తీర్మానించుకుంది. ఇంకో తొమ్మిది రోజుల్లో విత్తడం. విత్తాక నీళ్లు రాకపోతే ఆ గింజలు మట్టిపాలే. రెండోసారి వేయడానికి అక్కడ కాలం ఉండదు, పంట చేతికొచ్చేలోపే మంచు కురుస్తుంది. పైగా ఉన్న కొద్ది నీళ్లు పైనా కిందా పంచితే కింది పొలాలు కూడా ఎండుతాయి.

మరి నువ్వు ముందే ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. పెద్ద ఆఫీసు రాసిన కాగితం కదా, మాకు తెలియని లెక్క ఏదో ఉంటుందనుకున్నామని అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు. అబ్జర్వర్‌గా ఉన్నప్పుడు నేనూ ఇలాగే నోరు మూసుకుని రీడింగులు పంపాను.

అంచనాను మార్చాలంటే సవరణ జారీ చేయాలి. మా శాఖలో సవరణ అంటే మచ్చ. రోజువారీ సూచన ఎన్నిసార్లు మారినా ఎవరూ పట్టించుకోరు. కాలానికి ఇచ్చే అంచనాకు వారం తిరక్కుండా సవరణ ఇస్తే ఫైలు తెరుస్తారు, సంజాయిషీ అడుగుతారు. పై అధికారికి ఫోన్ చేశాను. చల్లదనం, మబ్బు, ఈ రెండూ తప్పా అని ఆయన అడిగారు. తప్పు కాదన్నాను. అయితే దేనికి సవరణ అన్నారు. సలహా కూడా అంచనాలో భాగమే, అది తలకిందులుగా ఉందని చెప్పాను. రిటైర్మెంట్ ముందు ఇది అవసరమా అని ఆయన మంచిగానే అడిగారు. అంకెలు చదివేవాళ్లు మనమే, అక్కడివాళ్లు చదివేది ఆ నాలుగు పంక్తులేనని అన్నాను. నా గొంతు పెరిగింది, ఆయనదీ పెరిగింది. చివరికి, పొరపాటు పూర్తిగా నాదేనని సంతకం చేసిన లేఖ పంపితే ఆమోదిస్తానన్నారు.

మా ప్రింటర్‌లో ఇంకు లేదు. అశోక్ నగర్‌కు నడిచాను. కోచింగ్ సెంటర్లు మూతపడి, హాస్టళ్ల పిల్లలు ఊళ్లకు పోయి, ఆ వీధి బోసిగా ఉంది. ఒక్క జిరాక్స్ షాపు తెరిచి ఉంది. షాపాయన నా లేఖ ప్రింటు తీస్తూ లేహ్ అన్న మాట చూశాడు.

"ఏంది సార్, లేహ్‌ల నోటిఫికేషన్ పడ్డదా? ఎన్ని పోస్టులు?"

"ఒక్కటే పోస్టన్నా. గది నాదే. అది గుడ పోయేటట్టున్నది."

"అయితే పరేషాన్ గాకుండ్రి. స్కానింగ్ మంచిగ చేస్త" అన్నాడు. సంతకం పెట్టాను, నిజంగానే మంచిగా చేశాడు.

సవరణలో ఇలా రాశాను: "ముందు ఇచ్చిన సలహా పొరపాటు. మబ్బు వల్ల మంచు కరగడం ఆలస్యమవుతుంది. కాలువల్లో నీళ్లు ఆలస్యంగా, తక్కువగా వస్తాయి. కొత్త పొలాల్లో విత్తకుండా ఆగడం మంచిది." రేడియోలో చదివేదాకా ఆగలేక నోర్బును ఫోన్ వాళ్ల అన్నకిమ్మన్నాను. ఆయన లద్దాఖీలో మాట్లాడుతుంటే నోర్బు హిందీలో చెప్పాడు. మొన్న అనుకూలమన్నవాళ్లు ఇవాళ కాదంటున్నారు, ఈ రెండింటిలో ఏది నమ్మాలి అన్నది ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. మబ్బు గురించి మొన్నా ఇవాళా ఒకటే మాట చెప్పాను, అది నాకు తెలిసిన విద్య అన్నాను. మీ పొలం గురించి మొన్న తెలియకుండా చెప్పాను, ఇవాళ మీ తమ్ముణ్ని అడిగి చెబుతున్నాను అన్నాను. ఆయన ఊళ్లో మాట్లాడి చెబుతానన్నాడు.

పై పొలాల విత్తనాలు ఆపారు. నీళ్లన్నీ కిందికే మళ్లించాలని నిర్ణయించారు. అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. ఎండ కాస్తే కాలువ నిండుగా పారుతుంది, నా మాట విని పై పొలాలు బీడుపెట్టినవాళ్లు నన్ను తిట్టుకుంటారు. మబ్బు పడితే వాళ్లకు నీళ్లుండవు. నేను ఏం కోరుకున్నానో దాచను. మబ్బే కోరుకున్నాను. ఒక ఊరి కష్టం నిజం కావాలని పొద్దున్నే ఫోన్ దగ్గర కూర్చోవడం సిగ్గుగానే ఉండేది. నోర్బు "ఏడు, సార్" అనేవాడు. మరోనాడు "ఎనిమిది, సార్". నేను అంకె రాసుకుని, ఆ సిగ్గుతోనే టీ తాగేవాడిని.

కాలువలో నీళ్లు మామూలు కంటే దాదాపు మూడు వారాలు ఆలస్యంగా వచ్చాయి. కింది పొలాలు వాడిపోయి, ఆ నీళ్లతో తేరుకున్నాయి. పై పొలాల విత్తనం గాదెల్లో భద్రంగా ఉంది. జూన్‌లో నోర్బు వాళ్ల అన్న మాట ఒకటి చేరవేశాడు: "మబ్బు సంగతి ఆయన సరిగ్గా చెప్పాడు. మా సంగతి మేం చెప్పాల్సింది." అడగాల్సింది నేనని చెప్పమన్నాను.

జులైలో నాకు మెమో వచ్చింది. సలహా రాయడంలో అజాగ్రత్త అని అందులో ఉంది. అది నా సర్వీసు పుస్తకంలో ఉంది, ఉండవలసిందే. అంచనాలో లోపం లేదని కూడా అదే కాగితంలో ఉంది. మెమో చదివిన అనసూయ, ఇది మన వడియాల మెమో కదా అంది. ఆ వేసవి వడియాలు సగం పారేయవలసి వచ్చింది.

లేహ్‌కు కొత్త అధికారి వచ్చినప్పుడు బాధ్యతలు అప్పగించే నోట్ రాశాను. మోడళ్ల గురించి మూడు పేజీలు. చివర ఒక పంక్తి: "సలహా రాసేముందు నోర్బుకు ఫోన్ చేసి, ఈ కాలంలో మీకేం కావాలని అడగాలి." కొత్తాయన చురుకైనవాడు. ఈ నిబంధన ఏ మాన్యువల్‌లో ఉందని నాకు ఫోన్ చేసి అడిగాడు.

ఎక్కడా లేదన్నాను. మనం సరిగ్గా చెప్పిన అంచనా కూడా ఊరిని ముంచగలదని మాన్యువల్ రాసినవాళ్లకు తెలిసి ఉండదు, నాకూ ముప్పై నాలుగేళ్ల సర్వీసు దాకా తెలియలేదన్నాను. ఇవాళ్టి మబ్బు ఎంతో నోర్బు ఎలాగూ చెబుతాడు, అది రాసుకున్నాక ఫోన్ పెట్టేయవద్దన్నాను.